అర మిల్లీమీటరు

బండి సుమ్మాదేవి స్టేషన్లో ఆగి ఇరవై నిమిషాలైంది. ముందు పలాస దగ్గర గూడ్సు ఒకటి ఆగిపోయిందట, అది కదిలితే గాని మనల్ని వదలరట, సమోసాల అతను కిటికీ కిటికీకీ చెప్పుకుంటూ పోయాడు. ఆగితే ఆగనీ అనిపించింది నాకు. పదకొండు గంటలకి ఫ్యాక్టరీలో ఎంక్వైరీ, ఇప్పుడు తొమ్మిదిన్నర. పదకొండు దాకా బండి ఇలాగే నిలబడిపోతే నేను లేకుండానే, మిషను నడిపే తిరుమల తప్పు తనదేనని సంతకం పెట్టేస్తుంది, ఆ కాయితం ఫైల్లోకి వెళ్లిపోతుంది, నేను చేరేసరికి ఎవరూ నన్ను ఏమీ అడగరు. బండి ఆగిపోయింది సార్, నేనేం చెయ్యను, అంటాను. ఆ మాట లోపల మూడుసార్లు అనుకుని చూసుకున్నాను, ఏ గొంతుతో అంటే నమ్ముతారో అని. యాభై ఆరేళ్లు వచ్చాక ఇలాంటివి అలవాటు చేసుకుంటున్నాను. ఫ్యాను తిరగడం లేదు. రాత్రి కురిసిన వానకి పట్టాల పక్కన గుంటల్లో నీళ్లు నిలిచి, ఎండ వాటి మీద పడి కళ్లలోకి కొడుతోంది, కళ్లు మూసుకుంటే రెప్పల వెనక కూడా అదే వెలుగు. ఎదుటి సీట్లో త్రినాథ్ తలకి తువాలు చుట్టుకుని కిటికీ ఊచకి ఆనుకుని నిద్రపోతున్నాడు. తిరుమల మొగుడు. సోంపేటలో బండెక్కుతుంటే నన్ను చూసి, చుట్టరికమేమీ లేకపోయినా "మావా" అని పిలిచి, చొరవగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వేరే పెట్టెలో ఎక్కి ఉంటే బాగుండేది.

ప్యాంటు జేబులో డై తొడకి ఒరుసుకుంటోంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు చల్లగా ఉంది, ఇప్పుడు నా ఒంటి వేడికి వెచ్చబడింది. అరచేతిలో పట్టే ఉక్కు బిళ్ల, మధ్యలో ఇంకా గట్టి లోహం, దానికి నడుమ అద్దంలా మెరిసే బెజ్జం, అంతే. పంతొమ్మిది అల్యూమినియం పోగులు తిరిగే మిషనులోంచి ఒకదాని చుట్టూ ఒకటి పురి తిరుగుతూ వచ్చి ఈ బెజ్జంలో దూరి, నలిగి, అవతలికి ఒకే తీగై వస్తాయి. బెజ్జం ఎంతో తీగ అంత. బెజ్జం ఎంతో చెప్పేవాణ్ని నేను. ముప్పై ఒక్క ఏళ్లుగా అదొక్కటే పని. అరిగిన డైని చక్రం మీద పెట్టి, పుల్లకి వజ్రపు ముద్ద రాసి లోపల నున్నగా సాన పట్టి, మెత్తటి సీసపు కడ్డీని అందులోంచి లాగి, ఆ కడ్డీని మైక్రోమీటరుతో కొలిచి, వచ్చిన అంకె డై అంచు మీద చెక్కి మిషను మీదకి పంపడం. ఈ డై మీద తొమ్మిది పాయింటు రెండు అని నా చేత్తోనే చెక్కాను. నిజానికి ఇది తొమ్మిది పాయింటు ఏడు. మైక్రోమీటరు గొట్టం మీద అర మిల్లీమీటరుకి ఒక సన్నటి గీత ఉంటుంది, వెంట్రుక లాంటి గీత, అది బయటికి వచ్చిందో లేదో చూసి అర కలుపుకోవాలి. మొదటి రోజు నేర్పే పాఠం అది. ఆ గీత నా కంటికి ఆనలేదు. రెండేళ్లుగా కుడి కంట్లో ఒక మూల పొగ పట్టినట్టు ఉంటోంది. మా ఆవిడ నారాయణమ్మ చూపించుకోమంటూనే ఉంది, శ్రీకాకుళం వెళ్దాం, వెళ్దాం, అంటూనే నేను వాయిదా వేస్తున్నాను. డాక్టరు చూసి కాయితం మీద రాస్తే డై రూమ్‌లో ఉంచుతారా? గేటు దగ్గర కూర్చోబెడతారు.

మా అమ్మ జలంత్రకోటలో పీచు తాడు పేనేది. చీకట్లో కూడా పేనేది. రెండు అరచేతుల మధ్య పీచు పోసి ముందుకి తోస్తూ, పోగు పోగుకీ పీచు అందిస్తూ, తల ఎత్తి మాతో మాట్లాడుతూనే. ఎక్కడ లావైనా, ఎక్కడ సన్నమైనా చేతికి తెలిసిపోయేది, ఆగి, వెనక్కి విప్పి, మళ్లీ పేనేది. ఆవిడకి కొలతేం లేదు, కళ్లతో పనే లేదు. నాకు మాత్రం విశాఖపట్నంలో ధనరాజు గారు కన్ను నమ్మడమే నేర్పారు. పెద్ద కేబుల్ ఫ్యాక్టరీలో డై మేస్త్రీ ఆయన, గుండ్రటి భూతద్దం కంటికి అతికించుకుని పుట్టినట్టు ఉండేవారు. చెయ్యి అబద్ధమాడుతుందిరా, కన్ను ఆడదు, అనేవారు. ఆయన పోయి పదేళ్లు. కన్ను కూడా ఆడుతుంది మేస్త్రీ గారూ అని ఇప్పుడు ఎవరికి చెప్పను? పలాస దగ్గర చిన్న కేబుల్ ఫ్యాక్టరీ పెడుతున్నారని తెలిసి, సొంతూరు పక్కనే కదా అని జీతం తక్కువైనా వచ్చేశాను. తిత్లీ తుపాను వచ్చిన ఏడు, ఉద్దానం అంతా కొబ్బరిచెట్లు మొదలంటా పడిపోయి, స్తంభాలు విరిగి, రోడ్ల మీద కరెంటు తీగలు పురి విడిపోయి పడి ఉంటే, నేను సైకిలు దిగి ఒక ముక్క చేతిలోకి తీసుకుని ఇది నా డైలోంచి వచ్చిందే అని గుర్తు పట్టాను. పక్కన ఇల్లు కూలినవాళ్లు ఏడుస్తున్నారు, నేను తెగిన తీగ చూసి మురిసిపోయాను. అంత గర్వం ఉండేది. నెల రోజులు మూడు షిఫ్టులు నడిపాం, మంచాలు అక్కడే. అప్పుడే తిరుమల పనిలో చేరింది. మొగుడికి కిడ్నీ పాడైంది, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస ఆసుపత్రికి తీసుకురావాలి, ఈ చుట్టుపక్కలే పని కావాలి అని వచ్చింది. మొదట ఊడ్చేది. ఏడాదికల్లా మిషను నడుపుతోంది.

ఈ డై మిషను మీదకి పంపాక తిరుమల డై రూమ్‌కి వచ్చిన రోజు నేను టీ తాగుతున్నాను. చేతిలో మూరెడు తీగ ముక్క పట్టుకొచ్చింది. "మావా, ఇది లావుగా ఉన్నట్టున్నాది" అంది. నేను గ్లాసు దించలేదు. "ఎంత లావు?" అన్నాను. "కొలవలేదు. మిషను కాడ కొలిసే పరికరం రిపేరుకి పంపినారు గదా. సేతికి తేడా తెలుత్తన్నాది. పోగులు కూడా సరిగ్గా నలగట్లేదు, గోటితో నొక్కితే కదుల్తన్నాయి, సూడు." ఆ ముక్క నా ముందు పెట్టింది. నేను చూడలేదు. చూస్తే నాకు కనపడదేమో అని చూడలేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ రోజు మాత్రం అలా అనుకోలేదు, ఆ రోజు ఒళ్లు మండింది, అంతే. "నా డై ఎప్పుడైనా తప్పు చెప్పిందా? సేతికి తెలిసిపోతే ఇంక మేమెందుకు, నువ్వే కొలత ఇచ్చుకో" అన్నాను. పక్కన ఇద్దరు నవ్వారు. తిరుమల మొహం చిన్నబోయింది. "అలగనలేదు మావా" అని ముక్క తీసుకుని వెళ్లిపోయింది. మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ చప్పుడు వింటూ టీ పూర్తి చేశాను, బాగానే ఉంది టీ.

తర్వాత సరుకు కొన్నవాళ్లు పరీక్ష చేసి తిప్పి పంపారు. తీగ లావైంది, దాంతో పైన ప్లాస్టిక్ తొడుగు పలచబడింది, నీళ్లల్లో ముంచి కరెంటు పెడితే నిలవలేదు. శనివారం మేనేజరు జగన్మోహనరావు గారు అందరి ముందూ అడిగారు. తిరుమల చెప్పింది, మావ ఇచ్చిన డైయే ఎక్కించాను సార్, అని. మేనేజరు నా వైపు తిరిగి "జోగారావు గారూ, మీరు ఇచ్చిన సైజు కరెక్టేనా?" అన్నారు. "కరెక్టే సార్" అన్నాను. అప్పటికి నాకు తెలియదు, నిజంగా తెలియదు, ఆ మాట మీద ఒట్టు వేయగలను. మేనేజరు తల ఊపారు. నా మాట మీద ఎవరికీ అనుమానం రాదు. అయితే ఈవిడ బల్ల మీది వేరే డై తీసి ఎక్కించేసింది అని తేల్చారు, తిరుమలని ఇంటికి పంపేశారు, బుధవారం వచ్చి రాసివ్వమన్నారు. ఆదివారం సెలవు. ఎందుకో మనసు ఊరుకోలేదు. తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి వెళ్లి డై రూమ్ తీసి, దీపం దగ్గరకి లాక్కుని, డైలోంచి మళ్లీ సీసపు కడ్డీ లాగి, ఈసారి ఎడమ కంటితో చూశాను. గీత ఉంది. ఎంత స్పష్టంగా ఉందంటే, ఎవరో అప్పుడే గీసి వెళ్లినట్టు. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ తొమ్మిది పాయింటు ఏడే. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం మేనేజరు టెక్కలి వెళ్లారు. ఊళ్లో ఉన్నా చెప్పేవాణ్ని కాదేమో. మంగళవారం ఉన్నారు. రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్లి, ఒకసారి పాలిషింగు పుల్లలు అయిపోయాయని చెప్పి, ఇంకోసారి ఊరికే నిలబడి, వచ్చేశాను. నిన్న సాయంత్రం డై జేబులో వేసుకుని గేటు దాటాను. ఈ రోజు పొద్దున్న మహేంద్రతనయ వంతెన మీద బండి నడుస్తుంటే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాను, డై చేతిలోనే ఉంది. కింద ఎర్రటి కొత్తనీరు. వేళ్లు విప్పితే చాలు. త్రినాథ్ అప్పటికి మేలుకునే ఉన్నాడు, "సెయ్యి లోపలెట్టు మావా, స్తంభం తగుల్తాది" అన్నాడు. పెట్టేసుకున్నాను.

ఒక ఎక్స్‌ప్రెస్సు అవతలి లైను మీద ధడధడా పోయింది, మా పెట్టె ఊగింది, త్రినాథ్ ఉలిక్కిపడి లేచాడు. మొహం ఉబ్బి ఉంది. ఎడం చేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా లేచి, చర్మం కింద పాకుతున్నట్టు ఉంటుంది, దాని మీద చొక్కా చెయ్యి ఎప్పుడూ దించడు. "ఇంకా ఇక్కడేనేటి మావా?" అన్నాడు. "ఇంకా ఇక్కడే." "పదకొండింటికి నా బెడ్డు. ఆలీసమైతే ఇంకొకలకి ఇచ్చీత్తారు" అని కిటికీలోంచి సిగ్నలు వైపు చూశాడు. సిగ్నలు ఎర్రగానే ఉంది. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి "తిరుమల ఎప్పుడెల్లింది?" అన్నాను. "తెల్లారగట్లే. బస్సుకెల్లిపోనాది. ఆలీసమైతే అదొక తప్పు సెప్తారని." తువాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "నాలుగు రాత్రులై అది పడుకోలేదు మావా. మంచం మీద కూకుని ఒకటే లెక్క. ఏ డై తీసినాను, ఏది ఎక్కించినాను, బల్ల మీద కుడి పక్కదా ఎడం పక్కదా, అని. మొదటి రోజు నాను తప్పు సెయ్యలేదు అన్నాది. ఇప్పుడు అదే అంటాది, జోగారావు మావ డై తప్పదు, అంటే నా సెయ్యే తప్పు సేసుంటాది, నాకే గుర్తు లేదు, అని." నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. "సంతకం ఎట్టీమని నానే సెప్పినాను. ఒప్పీసుకుంటే పనిలోంచి తియ్యరేమో, మల్లీ ఊడిసే పనిలో ఏత్తారేమో. ఏటంటావు మావా?"   సీసాలో నీళ్లు తాగబోయి, అతని ముందు తాగకూడదనిపించి మూత పెట్టేశాను. ఆ జబ్బు ఉన్నవాళ్లు నీళ్లు కొలుచుకుని తాగాలి.

అతను మాటలు ఆపలేదు. బండి ఆగిన చోట మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. మంచిదే తలుచుకుందామన్నట్టు, గొంతు కొంచెం తేలిక చేసుకుని, "దాని పిచ్చి సూడు మావా" అన్నాడు. "మొన్న లచ్చివారం మా ఊరి నీళ్ల టేంకీ కాడ మోటారుకి కొత్త కేబులేసినారు. డ్రమ్ము మీద మీ కంపెనీ పేరే. అది సూసి ఎగిరి గంతేసినాది. నాను పేనిన తీగ మా ఊరికొచ్చినాది అని ఈదంతా సెప్పుకొచ్చినాది. తరవాత రెండ్రోజులకే ఈ గొడవ." నాకు మొదట ఆ మాటలు మాటల్లాగే వినపడ్డాయి. తర్వాత లచ్చివారం అన్న మాట దగ్గర మనసు ఆగింది. నేను డై సాన పట్టి మిషను మీదకి పంపింది అంతకు పది రోజుల ముందు. తిప్పి పంపిన సరుకు ఒక్కటే కాదు, ఈ డైలోంచి పోయిన తీగ ఇంకో డ్రమ్ము బయటికి వెళ్లింది. ఆ సంగతి ఆదివారమే నాకు తెలుసు. ఎక్కడికో పోయి ఉంటుందిలే, ఏ గోడౌనులోనో పడి ఉంటుందిలే అని దాన్ని పక్కకి తోసేశాను. ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు, ఆ ఒక్క రోజే తిరుమల తప్పు డై ఎక్కించిందని కదా వాళ్లు అనుకుంటున్నది. అది గోడౌనులో లేదు. కవిటి అవతల వాళ్ల ఊళ్లో, నీళ్ల టాంకీ దగ్గర, మోటారు గదిలో ఉంది. ఆ గదులు నాకు తెలుసు. చీలమండ దాకా నీళ్లు. రాత్రి వాన. కేబులు ఆ నీళ్లలోంచే పోతుంది, దాన్ని కాలితో పక్కకి జరిపి స్విచ్చి వేస్తారు.

"మోటారెవరు ఏత్తారు?" అన్నాను. "మా బంగారయ్య పెదనాన్న. ఏం?" "ఫోను చెయ్యి. ఇప్పుడే. మోటారు ఆపీమను." త్రినాథ్ నా మొహం చూసి ఎందుకని అడగలేదు, చేశాడు. చాలాసేపు మోగింది. అంతసేపూ నేను ఏమనుకున్నానో నాకు గుర్తు లేదు, పక్క సీట్లో ఒకావిడ వేరుశనక్కాయలు ఒలుస్తోంది, ఆ తొక్కలు ఒకటీ ఒకటీ కింద పడడం మాత్రం గుర్తుంది. ముసలి గొంతు ఎత్తింది. "పెదనాన్నా, నాను త్రినాథ్‌ని. మోటారు కట్టీమంటన్నారు." అవతల కేకలు, బిందెల చప్పుడు. "ఏటిరా నీ గోల? ఆడోల్లు వరసలో నిలబడున్నారు. ఇప్పుడు కట్టీత్తే నన్ను తినీత్తారు." నేను ఫోను లాక్కున్నాను. "పెద్దాయనా, కట్టీయాల. మోటారు స్విచ్చి కాదు, గదిలోకి ఎల్లొద్దు. బయట స్తంభం కాడ మెయిను ఉంటాది గదా, అది తీసీయండి. తీగని ముట్టుకోవద్దు, ఎవరినీ రానియ్యొద్దు." "నువ్వెవరివి?" అన్నాడు ముసలాయన. ఎవర్ని? పేరు చెప్పినా ఆయనకి తెలియదు. "ఆ తీగకి కొలత ఇచ్చినోణ్ని. తప్పు ఇచ్చినాను" అన్నాను. అలా వచ్చేసింది నోట్లోంచి. నిన్న మేనేజరు గుమ్మం దగ్గర రెండుసార్లూ రాని మాట, మొహం కూడా చూడని మనిషికి, ఆగిన బండిలో. ముసలాయన ఏదో తిట్టుకుంటూ నడిచాడు, చెప్పుల చప్పుడు వినపడింది, తర్వాత ఠక్ మని ఒక చప్పుడు, ఆడవాళ్ల కేకలు. "తీసీసినాను. సాలా?" అన్నాడు. "సాలు" అన్నాను. ఫోను తిరిగి ఇచ్చేశాను.

త్రినాథ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు, తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. డై తీసి సీటు మీద పెట్టాను, ఇదేనని. అతను ముట్టుకోలేదు. "ఎప్పుడు తెలిసింది మావా?" అన్నాడు. "ఆదివారం." "ఆదివారం" అన్నాడు అతను కూడా. "ఆదివారం రేత్రి అది అన్నం మానీసింది."  తిడతాడేమో అని చూశాను, చొక్కా పట్టుకుంటాడేమో, పట్టుకుంటే బాగుండు. "నాకు కోపం రావాల మావా. ఓపిక లేదు" అన్నాడు. తర్వాత తిరుమలకి ఫోను చేశాడు, అది ఆపేసి ఉంది, ఎంక్వైరీకి వెళ్లేవాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. నేను మేనేజరుకి చేశాను, ఎత్తలేదు, మళ్లీ చేశాను, ఎత్తలేదు. సిగ్నలు ఎర్రగానే ఉంది. పది దాటింది. "దిగుదామా?" అన్నాను. అతను ఊచ పట్టుకుని లేచాడు.

సుమ్మాదేవి స్టేషను నుంచి పెద్ద రోడ్డు ఎంతో దూరం కాదు, నాకు. అతనికి చాలా దూరం. జీడితోటల మధ్య దారి, బురద, ప్రతి యాభై అడుగులకీ ఆగుతున్నాడు, ఆగినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి వేస్తున్నాడు, ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో, నీరు పట్టిన ఒళ్లు. నా భుజం కాకపోతే చెట్టు పట్టుకునేవాడు, అంతే తేడా. నేను ఏదో చెప్పబోయాను, కన్ను సంగతి, గీత సంగతి. "నడు మావా" అన్నాడు. మా వెనకాల ఎక్కడో బండి కూత వేసింది. వెనక్కి తిరిగి చూశాం ఇద్దరం. చెట్ల సందుల్లోంచి మేము దిగిన పెట్టెలే కదిలి పోతున్నాయి. త్రినాథ్‌కి నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గాడు. నాకు ఏడుపో నవ్వో తెలియలేదు. రోడ్డు మీద జీడిపిక్కల బస్తాలు వేసుకున్న ఆటో ఒకటి ఆపితే డ్రైవరు మమ్మల్ని బస్తాల మీద కూర్చోబెట్టి ఎక్కించుకున్నాడు. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ వచ్చేసరికి జీడిపిక్కలు కాల్చే పొగ గొంతులో పడింది. ఆసుపత్రి గేటు దగ్గర త్రినాథ్‌ని దించితే, లోపలికి వెళ్తూ ఆగి, "అది సంతకం ఎట్టకముందు ఎల్లు" అన్నాడు. పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ.

అప్పటికే పెట్టేసింది. నేను మేనేజరు గదిలోకి వెళ్లేసరికి పదకొండూ పది. తిరుమల బల్లకి ఇవతల నిలబడి ఉంది, పెన్ను ఇంకా చేతిలోనే ఉంది, కాయితం అవతలి వైపు వెళ్లిపోయింది. "నేను చూసుకోక వేరే డై ఎక్కించినాను, క్షమించగలరు" అని ముద్దముద్దగా రాసిన అక్షరాలు నాకు తలకిందులుగా కనపడ్డాయి. "సార్, ఆవిడ తప్పు లేదు. డై నాది" అన్నాను. జగన్మోహనరావు గారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. మంచి మనిషే. "జోగారావు గారూ, అయిపోయింది కదా. ఆవిడ ఒప్పుకుంది, నేను చిన్న పనిష్‌మెంటుతో సరిపెడుతున్నాను. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, మీరెందుకు మధ్యలో?" అన్నారు. తలుపు తెరిచి పట్టుకుని వెళ్లిపోమన్నట్టే ఉంది. నేను చాలా అలిసిపోయి ఉన్నాను, ఆ తలుపులోంచి వెళ్లిపోయేవాణ్నే, ఇంకో గంట ముందైతే. డై బల్ల మీద పెట్టాను. "మీరే కొలవండి సార్. అర మిల్లీమీటరు గీత చూసి కొలవండి" అన్నాను. సీసపు కడ్డీ తెప్పించి ఆయనే కొలిచారు, రెండుసార్లు కొలిచారు. తర్వాత కవిటి అవతలి డ్రమ్ము సంగతి చెప్పాను. ఆయన మొహంలో రంగు పోయింది, కుర్చీలోంచి లేచి ఫోన్లు మొదలుపెట్టారు, ఒకరి తర్వాత ఒకరికి. మధ్యలో ఫోను చేత్తో మూసి "ఆదివారం తెలిస్తే బుధవారం దాకా ఎందుకు ఆగారు?" అని గట్టిగా అరిచారు. "భయమేసింది సార్" అన్నాను. వేరే కారణం వెతికాను, లేదు.

తిరుమల అంతసేపూ డై వైపే చూసింది. మేనేజరు ఫోనులో ఉండగా మెల్లిగా నా వైపు తిరిగి, "ఆ రోజు లావుగా ఉన్నాదని సెప్పినాను గదా మావా" అంది. "సెప్పినావు" అన్నాను. "గోటితో నొక్కి సూపించినాను." "సూపించినావు. నేను సూడలేదు." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడి చెయ్యి ఎడం చేత్తో పట్టుకుని వేళ్లు ఒకటొకటీ నిమురుకుంది, దెబ్బ తగిలిన పిల్లని సముదాయించినట్టు. నేను చేతులు జోడించబోయాను. "వద్దు మావా. ఇప్పుడు నాకేటీ సెప్పకు" అంది. తర్వాత మేనేజరు దగ్గరకి వెళ్లి, తను రాసిన కాయితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "నాను మిషను కాడికి ఎల్లొచ్చా సార్?" అంది. ఆయన ఊ అన్నారు. గుమ్మం దాకా వెళ్లి, నా మొహం చూడకుండానే చెప్పింది: "మా ఆయన్ని మూడింటికి ఆసుపత్రిలో మంచం మీంచి దించుతారు. నాకు ఇయ్యాల సెలవియ్యరు. బండెక్కించీసి రా."

నన్ను ఇంటికి వెళ్లమన్నారు, కబురు చేసేదాకా రావద్దన్నారు. డై రూమ్ తాళం ఇచ్చేశాను. గేటు దాటుతుంటే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి చెప్పాడు, కవిటి నుంచి లైన్‌మన్ ఫోను చేశాడట, కేబులు విప్పి చూస్తే ఒకచోట తొడుగు కాలి నల్లబడి ఉందట, ఎవరికీ ఏమీ కాలేదట. సరే అన్నాను. ఎండలో నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్లాను. పొడుగాటి గది, అటూ ఇటూ మంచాలు, మంచానికో మిషను, ఎర్రటి గొట్టాలు తిరుగుతున్నాయి. త్రినాథ్ నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. నర్సు పుస్తకం పట్టుకుని వచ్చింది. "పేషెంటుకి మీరేమవుతారు?" అంది. ఏమవుతాను? "వాళ్లావిడా నేనూ ఒకే చోట పని చేస్తాం" అన్నాను. ఆ మాట రేపటికి నిజమవుతుందో లేదో తెలియదు. ఆవిడ అదే రాసుకుని, మంచం పక్కన స్టూలు చూపించింది. కూర్చున్నాను.